ఇంగ్లిష్ టీచరు కావాలంటే ముందు ఒడియా

ఒడిశాలోని పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో పుట్టి పెరిగిన తెలుగు అమ్మాయి ఇంగ్లిష్ టీచరు కావాలనుకుంటే, ఆమెకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇంగ్లిష్ గురించి కాదు, ఒడియా గురించి. ఒడిశా ప్రభుత్వ ఉపాధ్యాయ నియామకాల్లో అభ్యర్థికి ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం వచ్చి ఉండాలి. బడిలో ఒడియాను ఒక భాషగా చదివి పాసైనట్టు కాగితం చూపాలి. అది లేకపోతే ఏడో తరగతి స్థాయి ఒడియా పరీక్ష విడిగా రాసి గట్టెక్కాలి. తెలుగు మాధ్యమంలో చదివి, డిగ్రీకి సరిహద్దు దాటి శ్రీకాకుళమో విశాఖపట్నమో వెళ్లి, ఎం.ఏ. ఇంగ్లిష్ చేసుకుని తిరిగొచ్చిన వారికి ఈ నిబంధన చివరి నిమిషంలో తెలిసినప్పుడు కలిగే చికాకు అంతా ఇంతా కాదు. షేక్‌స్పియర్ నాటకాల మీద పరీక్షలు రాసిన మనిషి మళ్లీ అక్షరమాల పుస్తకం కొనుక్కోవలసి వస్తుంది.

నిజానికి ఆ నిబంధనలో తప్పు పట్టవలసింది పెద్దగా లేదు. ఒడియా మాట్లాడే పిల్లల ముందు నిలబడే వారికి ఒడియా రావాలనడం సబబే. ఆ భాషను ఉద్యోగానికి అడ్డుగా ఉన్న గేటుగా తప్ప, తరగతిలో ఉపయోగపడే పనిముట్టుగా ఎవరూ చూడకపోవడమే చిక్కు. శిక్షణ కాలేజీలూ చూడవు, అభ్యర్థులూ చూడరు. సరిహద్దు జిల్లాల తెలుగువారి చేతిలో ఇంగ్లిష్ బోధనకు పనికొచ్చే సరుకు పుట్టుకతోనే ఉంది. దాన్ని పదును పెట్టే చోటు మాత్రం అర్హతల దారిలో ఎక్కడా తగలదు.

ముందు ఆ అర్హతల సంగతి చూద్దాం. అందులో జారిపోయే చోట్లు ఎక్కువ.

ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు చెప్పేవారికి కనీస అర్హతలను జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అంటే ఎన్‌సీటీఈ, 2010 ఆగస్టు 23 నాటి ప్రకటనలో నిర్దేశించింది. టెట్ అనే ఉపాధ్యాయ అర్హత పరీక్ష తప్పనిసరి అయింది అప్పటి నుంచే. ప్రాథమిక తరగతులకు రెండేళ్ల డీఎల్‌ఈడీ (ప్రాథమిక విద్యలో డిప్లొమా), పై తరగతులకు డిగ్రీతో పాటు బీఈడీ అన్నది స్థూలంగా లెక్క. మధ్యలో 2018లో బీఈడీ వారినీ ప్రాథమిక తరగతులకు అనుమతించారు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ తలుపు మూసేసింది. చిన్నపిల్లలకు చెప్పే పని వేరు, దానికి శిక్షణ వేరు అన్నది ఆ తీర్పులోని సారాంశం. బీఈడీ చేతిలో ఉంది కాబట్టి ఏ తరగతికైనా పనికొస్తుందనుకుని డబ్బు కట్టినవారు అప్పట్లో చాలామందే దెబ్బతిన్నారు.

రెండో జారుడు చోటు డిగ్రీలో ఉంది. ఆంధ్రప్రదేశ్ డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్ పోస్టుకు డిగ్రీలో ఇంగ్లిష్ ఒక ఆప్షనల్ సబ్జెక్టుగా ఉండాలి, లేదా ఇంగ్లిష్‌లో పీజీ ఉండాలి. దాంతో పాటు బీఈడీలో ఇంగ్లిష్ మెథడాలజీ, అంటే బోధనా పద్ధతి, చేసి ఉండాలి. అందరూ చదివే జనరల్ ఇంగ్లిష్ లెక్కలోకి రాదు. బీకాం చేసి, ఇంగ్లిష్ ధారాళంగా మాట్లాడే వ్యక్తి ఇక్కడ ఆగిపోతారు. ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు తడుముకోకుండా మాట్లాడలేని వ్యక్తి, సరైన సబ్జెక్టు కలయిక ఉంటే ముందుకు పోతారు. పైగా పోస్టుల్లో అధిక భాగం స్థానికులకే. స్థానికత అక్కడ వరుసగా చదివిన ఏళ్లను బట్టి తేలుతుంది కాబట్టి, బడి చదువు ఒడిశాలో, కాలేజీ చదువు ఆంధ్రలో అయిన వారు ఆంధ్రలో స్థానికేతరులు, ఒడిశాలో ఒడియా కాగితం లేనివారు. రెండు గడపల మధ్య నిలబడటమంటే ఇదే.

ఈ రెండు రాష్ట్రాల నియామకాలకూ వెలుపల మూడో దారి ఒకటుంది. దాని మీద సరిహద్దు జిల్లాల్లో ఉండవలసినంత శ్రద్ధ లేదు. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు, గిరిజన ప్రాంతాల్లోని ఏకలవ్య పాఠశాలలు కేంద్ర నియామకాల కిందికి వస్తాయి. వీటిలో ఇంగ్లిష్ టీజీటీ (డిగ్రీ స్థాయి టీచరు) పోస్టుకు సీటెట్, అంటే కేంద్రం నడిపే టెట్, రెండో పేపరు, బీఈడీ, డిగ్రీలో ఇంగ్లిష్ చూస్తారు. ఒడియా పాసైన కాగితం అడగరు. గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఏకలవ్య బడులు ఉన్నాయి. సొంత జిల్లాలోనే వేస్తారన్న హామీ లేదు. అది ఒప్పుకుని దరఖాస్తు పెట్టాలి.

టెట్ విషయానికి వస్తే, 150 ప్రశ్నలు, 150 మార్కులు, 150 నిమిషాలు. జనరల్ అభ్యర్థికి 60 శాతం రావాలి. సీటెట్‌లో ఒక్కో భాషకు 30 ప్రశ్నలు ఉంటాయి, అందులో సగం ఆ భాషను ఎలా బోధించాలన్న దాని మీద. ఒడిశా టెట్‌లో మొదటి భాషగా తెలుగును ఎంచుకునే వీలుంది, రెండో భాష ఇంగ్లిష్. సిలబస్ చెడ్డదేమీ కాదు. కానీ ఆ 150 ప్రశ్నల్లో ఒక్కదానికీ నోరు తెరవనక్కర్లేదు. మాట్లాడే భాషను నేర్పే ఉద్యోగానికి, ఒక్క ఇంగ్లిష్ వాక్యం కూడా పైకి పలకకుండా అర్హత సంపాదించవచ్చు! గాయకుల ఎంపికను రాతపరీక్షతో ముగించినట్టుంటుంది.

అయితే పరీక్ష అనేది వడపోత మాత్రమే, తయారీ బీఈడీలో జరగాలి కదా అనవచ్చు. 2014 నాటి నిబంధనలతో బీఈడీ రెండేళ్లదైంది. అందులో 20 వారాలు బడిలో గడపాలి, మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. కాగితం మీద ఇది తక్కువేమీ కాదు. ఆ వారాలు ఎలా గడుస్తాయన్నదే అసలు సంగతి. బడికి టీచర్లు తక్కువైతే శిక్షణకు వచ్చిన వారిని ఖాళీ పీరియడ్లకు పంపుతారు. వెనక బెంచీలో కూర్చుని చూసి, తర్వాత తప్పొప్పులు చెప్పవలసిన అధ్యాపకులు వారానికి ఒకసారి వచ్చి సంతకం పెడితే గొప్ప. పాఠ్య పథకాల రికార్డు మాత్రం రంగు పెన్నులతో, అట్టలు వేసి, చూడముచ్చటగా తయారవుతుంది. నిరుటి సీనియర్ రికార్డు చూసి దించినదైనా దానికి మార్కులు వస్తాయి. అంతకుముందు జరిగే మైక్రో టీచింగ్ ఇంకా విచిత్రం. ఎం.ఏ.లు చదివిన తోటివారు ఆరో తరగతి పిల్లల్లా నటిస్తూ, తెలిసిన జవాబును తెలియనట్టు తల గోక్కుంటూ చెబుతారు. ప్రశ్న వేయడం, నల్లబల్ల వాడడం లాంటి విడి నైపుణ్యాలకు అది కొంత పనికొస్తుంది. నిజంగా అర్థం కాని పిల్లవాడి ముఖం ఎలా ఉంటుందో మాత్రం అక్కడ కనబడదు.

ఇక్కడే, పెద్దలకు ఇంగ్లిష్ నేర్పేవారి కోసం ఉన్న సెల్టా లాంటి అంతర్జాతీయ కోర్సుతో పోల్చి చూడటం మంచిది. దాన్ని పొగడటానికి కాదు, అది దేన్ని లెక్కపెడుతుందో తెలుసుకోవడానికి. 1962లో లండన్‌లో జాన్ హేక్రాఫ్ట్ రెండు వారాల కోర్సుగా మొదలుపెట్టినది తర్వాత కేంబ్రిడ్జ్ సర్టిఫికెట్ అయింది. ఇప్పుడు అది సుమారు 120 గంటల కోర్సు. అందులో 6 గంటలు శిక్షకుల కళ్లెదుట నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పాలి. మరో 6 గంటలు అనుభవజ్ఞుల పాఠాలు కూర్చుని చూడాలి. నాలుగు రాతపనులు ఉంటాయి. ఆరు గంటలే కదా అనిపిస్తుంది. కానీ చెప్పిన ప్రతి పాఠం తర్వాతా శిక్షకులు, తోటి అభ్యర్థులు కూర్చుని విప్పి చూస్తారు. సూచన ఎందుకు అర్థం కాలేదు, టీచరు ఎంతసేపు మాట్లాడారు, విద్యార్థులు ఎంతసేపు మాట్లాడారు అని. రెండేళ్ల బీఈడీలో ఇలాంటి ఆరు గంటలు దొరికిన అభ్యర్థి అదృష్టవంతులే.

మరి సెల్టా చేస్తే సరిపోతుందా అంటే, మన బడుల్లో సరిపోదు. ప్రభుత్వ బడి ఉద్యోగానికి అది బీఈడీకి బదులు కాదు. విదేశాల్లో, పెద్దలకు ఇంగ్లిష్ నేర్పే సంస్థల్లో దానికి విలువ. ఫీజు లక్ష దాటుతుంది. రాయగడలో చిన్న దుకాణం నడుపుకునే కుటుంబానికి అది పిల్ల పెళ్లికి దాచిన డబ్బులో పెద్ద ముక్క. ఇక ఫోను తెరిస్తే కనబడే "120 గంటల టెఫెల్ సర్టిఫికెట్, నమ్మలేని తగ్గింపు ధర" ప్రకటనల సంగతి వేరు. టెఫెల్ అంటే ఇంగ్లిష్‌ను విదేశీ భాషగా నేర్పడం. 120 అన్న అంకెను సెల్టా నుంచి అరువు తెచ్చుకున్నారు గానీ, ఆ ఆరు గంటల పాఠాన్ని చాలా వాటిలో వదిలేశారు. వీడియోలు చూసి, బహుళైచ్ఛిక ప్రశ్నలకు టిక్కులు పెట్టి పొందే కాగితాన్ని గోడకు తగిలించుకోవచ్చు.

ఉద్యోగంలో చేరాక బోధనను లోతుగా చదవాలనుకునే వారికి హైదరాబాదులోని ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) మంచి చోటు. 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా పుట్టిందే ఇంగ్లిష్ టీచర్లకు శిక్షణ ఇవ్వడానికి. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఇంగ్లిష్ బోధనలో దాని పీజీ సర్టిఫికెట్, పీజీ డిప్లొమాలకు టీచర్లలో మంచి పేరుంది. ఇంటర్ తర్వాతే టీచరు వృత్తి అని తేల్చుకున్న వారైతే భువనేశ్వర్‌లోని ప్రాంతీయ విద్యా సంస్థ వైపు చూడాలి. ఎన్‌సీఈఆర్‌టీ కింద నడిచే ఆ సంస్థలో డిగ్రీ, బీఈడీ కలిపిన నాలుగేళ్ల కోర్సు ఉంది, ప్రాంగణంలోనే ప్రయోగ పాఠశాల ఉంది. రోజూ పిల్లలు కనబడే చోట టీచరు చదువు చదవడానికీ, ఊరికి దూరంగా రోడ్డు పక్క లేచిన ఒంటరి భవనంలో చదవడానికీ చాలా తేడా ఉంది.

ఇప్పుడు మొదట వదిలిన ఒడియా దగ్గరికి తిరిగి రావాలి.

పర్లాకిమిడి చుట్టుపక్కల ఒక ఆరో తరగతిని తీసుకుందాం. ఒకే బెంచీ మీద ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల, ఒడియా మాట్లాడే పిల్లవాడు, కొండ ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉండే, సవర అనే గిరిజన భాష మాట్లాడే పిల్లవాడు. పాఠం ఇంగ్లిష్‌లో ఏ, ది అనే ఆర్టికల్స్ గురించి. మామూలుగా జరిగేది ఏమిటంటే, "ఏ అంటే ఒక, ది అంటే ఆ" అని నల్లబల్ల మీద రాసి దాటేస్తారు. తెలుగు పిల్ల దాన్ని నమ్ముతుంది. ఆ నమ్మకంతోనే "ఆ చెట్టు చూడు" అని వేలు చూపించవలసిన చోటా ది వాడుతుంది, అసలు ది ఉండవలసిన చోట వదిలేస్తుంది. ఎందుకంటే తెలుగులో ఆర్టికల్ లేదు. "పుస్తకం తెచ్చావా?" అంటే ఏ పుస్తకమో ఇద్దరికీ తెలుసు, ఆ తెలియడానికి తెలుగు ఏ గుర్తూ పెట్టదు.

ఒడియా పెడుతుంది. పుస్తకం ఒడియాలో బహి. గోటియే బహి అంటే ఏదో ఒక పుస్తకం. బహిటి అంటే ఇద్దరికీ తెలిసిన ఆ పుస్తకమే. కథ మొదట్లో గోటియే కుకుర వస్తుంది, రెండో వాక్యానికి అది కుకురటి అయిపోతుంది. ఇంగ్లిష్ కథలో ఏ డాగ్ రెండో వాక్యంలో ది డాగ్ అయినట్టే. వ్యాకరణ గ్రంథాలు పేజీలకొద్దీ వివరించే సంగతిని ఆ బెంచీ మీది ఒడియా పిల్లవాడు రోజూ మాట్లాడుతున్నాడు. వీధిలో ఆడుకుంటూ ఒడియా పట్టుబడిన తెలుగు పిల్లా మాట్లాడుతోంది. రెండు భాషలూ తెలిసిన టీచరు ఒక చిన్న ఒడియా కథ చెప్పించి, టి ఎక్కడ తగిలిందో గీత గీయించి, ఇంగ్లిష్ కథలో ది కింద గీత గీయిస్తే చాలు, సగం పని అయినట్టే. మిగతా సగానికి ఇది సరిపోదని ఒప్పుకోవాలి. సూర్యుడికి ఇంగ్లిష్‌లో ది ఉంటుంది, ఒడియాలో మామూలుగా టి చేర్చరు. నదుల పేర్ల దగ్గరా ఈ కిటుకు పనిచేయదు. అయినా "ది అంటే ఆ" కన్నా ఇది వంద రెట్లు నయం.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఒడియాలో ఆమె అన్నా అతడు అన్నా సే ఒక్కటే. అందుకే ఒడియా పిల్లవాడు అక్కను గురించి చెబుతూ హీ అనేస్తాడు. అది అజాగ్రత్త కాదు, అలవాటు. పలుకులోనూ అంతే. ఒడియా నోటికి వ, బ దగ్గర తడబాటు వస్తుంది. తెలుగు నోరు ఎగ్ అనే మాటకు ముందు ఒక య, వెనక ఒక ఉ చేర్చి యెగ్గు చేస్తుంది. ప్రశ్నల దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే దారి. తెలుగు వస్తావా అని చివర దీర్ఘం తీస్తుంది, ఒడియా చివర కి చేరుస్తుంది. క్రియను ముందుకు లాగే అలవాటు రెంటిలోనూ లేదు. అందువల్ల ఇంగ్లిష్ ప్రశ్నల పాఠానికి ఎక్కువ రోజులు కేటాయించాలని, హీ, షీ పాఠంలో ఏ పిల్లలకు ఎక్కువ సాధన ఇవ్వాలో టీచరు ముందే అంచనా వేసుకోవచ్చు. సవర పిల్లవాడి విషయంలో టీచరుకు ఆ భాష రాకపోవచ్చు. "మీ ఇంట్లో దీన్ని ఎలా అంటారు?" అని అడగడానికి ఆ భాష రానక్కర్లేదు.

మహారాష్ట్రలోని సిరొంచ వైపు ఈ పనిముట్లు మారతాయి. గడ్చిరోలి జిల్లా కొసన, గోదావరికి అవతల కాళేశ్వరం కనబడే ఆ ఊళ్లో ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అడవి పల్లెల్లో మాడియా గోండి అనే గిరిజన భాష. మరాఠీలో టి లాంటి ప్రత్యయం లేదు కాబట్టి ఆర్టికల్స్‌కు అది సాయపడదు. కానీ తో, తీ, తే అని మూడు లింగాలకు మూడు సర్వనామాలు ఉన్నాయి. ఇంగ్లిష్ హీ, షీ, ఇట్ దాదాపు అదే వరుస. అక్కడి టీచరు మొదలుపెట్టవలసిన చోటు అది. హైదరాబాదులోనో పుణెలోనో అచ్చయిన మెథడాలజీ పుస్తకంలో ఈ తేడా ఉండదు, ఉండాలని ఆశించడమూ కుదరదు. ఎక్కడి సరిహద్దుకు అక్కడే రాసుకోవాలి.

ఈ ఆలోచన పర్లాకిమిడికి కొత్తదేమీ కాదు. గిడుగు రామమూర్తి 1880లో టీచరుగా చేరింది ఈ ఊరి బడిలోనే. కొండల నుంచి వచ్చే సవరల మాట వినబడితే, తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వారి భాషలోనే పాఠాలు తయారుచేశారు, బడులు పెట్టించారు. 1931లో సవర భాష మీద వ్యాకరణ గ్రంథం, 1938లో నిఘంటువు వచ్చాయి. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగానే ఆయనను తలుచుకోవడం మనకు అలవాటు. పిల్లవాడి నోట్లో ఉన్న భాష నుంచి మొదలుపెట్టాలన్న పట్టుదల మాత్రం ఆ ఉద్యమంలోనూ, సవర పనిలోనూ ఒకటే. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఊరికి రెండు భాషల పేచీ మిగిలింది. ఆయన పద్ధతిని ఇంగ్లిష్ తరగతిలోకి తెచ్చుకునే అవకాశం కూడా మిగిలింది. మొదటిదానికి దక్కినంత శ్రద్ధ రెండోదానికి దక్కలేదు.

అభ్యాసానికి ఏ నమూనా తీసుకోవాలన్నా దూరం పోనక్కర్లేదు. ఇంగ్లిష్ బోధనా నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 వరకు దక్షిణ భారతంలోని మామూలు బడుల్లో నడిపిన ప్రయోగానికి బెంగళూరు ప్రాజెక్టు అని పేరు. పనుల ద్వారా భాష నేర్పడమన్న పద్ధతి గురించి ప్రపంచంలో ఎక్కడ చెప్పినా దాని ప్రస్తావన వస్తుంది. కిటుకు సాదాది. వ్యాకరణ సూత్రం చెప్పరు. పటమో, సమయాల పట్టికో ఇచ్చి, బుర్ర పెట్టి తేల్చవలసిన చిక్కు ఇస్తారు. మొదట టీచరు తరగతి మొత్తంతో పైకి మాట్లాడుతూ అలాంటిదే ఒకటి చేయిస్తారు, తర్వాత ఎవరికి వారు మరొకటి చేస్తారు. మనసు చిక్కు మీద ఉంటుంది, భాష పక్క నుంచి ఎక్కుతుంది. పని సరైన స్థాయిలో ఉందా లేదా అన్నదానికి ప్రభు కొలత కూడా పెట్టారు. తరగతిలో కనీసం సగం మంది, పనిలో కనీసం సగం సరిగ్గా చేయగలగాలి.

నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్ మీదుగా గుణుపురం పోయే రైలు సమయాల పట్టిక ఇందుకు చక్కగా సరిపోతుంది. పాతపట్నంలో పొద్దున్నే పని ముగించుకోవలసిన మనిషి గుణుపురం నుంచి ఏ బండికి బయలుదేరాలి, ఆ బండి తప్పితే ఎంతసేపు ఆగాలి అన్న నాలుగు ప్రశ్నలు ఇంగ్లిష్‌లో వేస్తే ఒక పీరియడ్ నిండిపోతుంది. బండి పేరు, స్టేషన్ల పేర్లు పిల్లలకు తెలిసినవే కాబట్టి భయం ఉండదు. బీఈడీ రెండో ఏడాది బడిలో గడిపే 16 వారాల ఇంటర్న్‌షిప్‌లో అభ్యర్థి ఇలాంటి పాఠం నాలుగుసార్లు చెప్పి, ప్రతిసారీ ఎంతమంది ఎన్నింటికి జవాబు చెప్పగలిగారో లెక్క రాసుకుంటే, రికార్డు పుస్తకం మొత్తం కన్నా అదే ఎక్కువ నేర్పుతుంది.

పాఠం చూడటానికి వచ్చే పరిశీలకులు నింపే ఫారంలో గొంతుకు, నల్లబల్ల రాతకు, బోధనోపకరణాలకు గడులు ఉంటాయి. పిల్లల జవాబుల లెక్కకు గడి ఉండటం అరుదు. దాన్ని అభ్యర్థి పెన్సిలుతో అంచున రాసుకోవలసిందే.